స్తంభాల్లేని రోము

బుచ్చిరెడ్డిపాలెం నుంచి అరికమేడు దాకా, పిల్లాపాపలతో ఒక పాత సముద్ర వ్యాపారం వెంట

1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకలు అడ్డం తగిలాయి. వాటిని తీసేద్దామని తవ్వితే ఓ చిన్న గుడి శిథిలం బయటపడింది. దాని అడుగున ఒక ముంత, ముంతలో బంగారు నాణేలు! వాటి మీద ఉన్నది మనకు తెలిసిన దేవుడూ కాదు, ఆర్కాటు నవాబూ కాదు. జుట్టు నుదుటి మీదికి దువ్వుకున్న ఒక మగమనిషి, గడ్డం పెంచిన ఇంకొకాయన, సిగ చుట్టుకున్న ఒకావిడ. చుట్టూ అర్థంకాని అక్షరాలు.

రైతు ఏం చేశాడు? ఎవరైనా చేసేదే. పాత బంగారం కింద అమ్ముకున్నాడు. కొన్నవాళ్ళు చాలావాటిని కరిగించేశారు. సంగతి ఎలాగో పైకి పొక్కి, మిగిలినవాటిలో ముప్పై పైచిలుకు నాణేలు నవాబు మహమ్మద్ అలీ కొడుకు అమీర్-ఉల్-ఉమ్రా చేతికి చేరాయి. అప్పట్లో మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిలోంచి రెండు ఏరుకునే అవకాశం దొరికింది. ఒకటి హాడ్రియన్ చక్రవర్తిది, రెండోది ఫౌస్టీనా రాణిది ఏరుకున్నాడు. ట్రాజన్ చక్రవర్తి నాణేలు కూడా చక్కగా ఉన్నాయని 1787లో ఒక ఉత్తరం రాశాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తన రెండో సంపుటంలో దాన్ని అచ్చువేసింది. దక్షిణాదిలో రోమను నాణేల గురించి అచ్చులోకి ఎక్కిన తొలి కబుర్లలో మన నెల్లూరు కబురొకటి.

పొలంలో బంగారం దొరికితే కలెక్టరుకు చెప్పాలన్న చట్టం వచ్చింది 1878లో. పది రూపాయలకు మించి విలువ చేసే నిధి ఏది దొరికినా చెప్పి తీరాలి. ఆ రైతు కాలానికి ఆ బాధ లేదు. కరిగిపోయిన నాణేల మీద ఏ రాణి ముఖముందో ఎవరికీ అక్కర్లేకపోయింది కూడా.

డేవిడ్‌సన్ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది చక్రవర్తుల పేర్లు కాదు. కొన్ని నాణేలు నిన్ననే టంకసాలలోంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. ఇంకొన్ని బాగా అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట. చేతికో మెడకో కట్టుకుని ఉంటారని ఆయన ఊహ. మద్రాసు గవర్నరుకు అది ఊహ గానీ, మన ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగితే ఊహించే పనే లేదు. బంగారు బిళ్ళకు చిల్లు పెట్టి దారానికి గుచ్చితే దాన్ని కాసులపేరు అంటారు. ట్రాజన్ కాలపు రోమను నాణెం ఏడు గ్రాముల పైచిలుకు తూగుతుంది, సవరకు కాస్త తక్కువ. రోములో సిపాయి జీతంగా పుచ్చుకునే బంగారం పెన్నా ఒడ్డుకు వచ్చి ఎవరో ఇల్లాలి మెడలోకి ఎక్కింది. చిల్లుపడ్డ నాణెం ఇక సంతలో చెల్లేందుకు కాదు, కూతురికి పెట్టేందుకే.

ఈ కథ మా ఇంట్లో చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి చదివే మా పెద్దాడు ఒక ప్రశ్న వేశాడు. రోమను నాణేలు మన దగ్గరుంటే రోమను కట్టడాలు ఎక్కడ? వాడు వీడియోల్లో జోర్డాన్‌లోని జెరాష్ చూశాడు. పెద్దగా పేరు వినబడని ఊరు గానీ, వరసలు తీరిన రాతి స్తంభాలు, నాటకశాలలు, నెల్లూరు ముంతలో దొరికిన ఆ గడ్డం హాడ్రియన్ 129–130లో స్వయంగా వచ్చినప్పుడు కట్టిన కమాను, అన్నీ ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. గల్ఫులో ఉండే మనవాళ్ళు కొందరు సెలవులకు అటు వెళ్ళొచ్చి ఫొటోలు పెడుతుంటారు. బుచ్చి నుంచి అక్కడికి అయిదుగురం వెళ్ళాలంటే పాస్‌పోర్టులు, వీసాలు, విమానం టికెట్లు. అంత తాహతు లేదని వాడికి చెప్పకుండా, దగ్గర్లో ఒకటుంది పద అన్నాను. పుదుచ్చేరి పక్కన అరికమేడు.

బుచ్చి నుంచి నెల్లూరు ఎంతో దూరం లేదు. కోదండరామస్వామికి దణ్ణం పెట్టుకుని బొంబాయి రోడ్డెక్కితే బస్సు బాగా నిదానంగా పోయినా పొద్దున టిఫిను వేళకు నెల్లూరులో ఉంటాం. అక్కణ్ణుంచి మద్రాసుకు రైళ్ళకు కొదవలేదు. పెన్నా పేరు పెట్టుకున్న పినాకినీ ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. కారుంటే గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ మీదుగా ఒకటే రోడ్డు. చలికాలమైతే సూళ్ళూరుపేట దగ్గర కాస్త పక్కకు తిరిగి పులికాటులో ఎర్రకాళ్ళ కొంగల్ని చూడొచ్చు. ఈసారి ఆశపడకండి, అటు తిరిగితే ఆ రోజు అక్కడే అయిపోతుంది.

మద్రాసులో ఆగాల్సింది ఎగ్మూరు మ్యూజియం దగ్గర. 1851లో మొదలైన మ్యూజియం. అమరావతి స్తూపం నుంచి తీసుకెళ్ళిన సున్నపురాతి చెక్కడాలు ఇక్కడున్నాయి గనుక తెలుగువాళ్ళు దీన్ని ఎలాగూ ఒకసారి చూడాల్సిందే. మనం చూడాల్సింది నాణేల విభాగం. దక్షిణాదిలో దొరికిన రోమను నాణేల పెద్ద సేకరణ ఈ మ్యూజియానిదే. మన తెలుగు నేల మీద ఇలాంటి ముంతలు నెల్లూరులోనే కాదు, వినుకొండలో దొరికాయి, నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో అయితే ఒక్కచోటే పదిహేను వందలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అక్కనపల్లె వెండిలో చాలావాటి మీద ఉలితో కొట్టిన గాటు ఉంటుంది. అదీ సరిగ్గా చక్రవర్తి ముఖం మీదే. దేశంకాని దేశపు రాజు బొమ్మతో నాణెం ఇక్కడ చెల్లకూడదని కొట్టారా, లోపల రాగి ఉందేమో చూడ్డానికి కొట్టారా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మా చిన్నది మాత్రం తేల్చేసింది. ముక్కు నచ్చక కొట్టారట.

ఇంకో నాణెం కూడా అడిగి చూడండి. బంగారం కాదు, వెండీ కాదు, సీసం. శాతవాహనుల కాలం నాటిది. ఒకవైపు ఓడ, దానికి రెండు తెరచాప కొయ్యలు. నెల్లూరు నుంచి కడలూరు దాకా ఉన్న ఈ తీరంలో ఈ ఓడ నాణేలు దొరుకుతూ వచ్చాయి. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో ఉన్నవీ ఉన్నాయి. చూడ్డానికి నల్లగా, మొద్దుగా, బొత్తాం బిళ్ళలా ఉంటుంది. రోమను బంగారం పక్కన పెడితే దాని వంక ఎవరూ తిరిగి చూడరు. నాకైతే అదే ముఖ్యమైన నాణెం. బంగారం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రోమను నాణెం చెబుతుంది. ఇక్కడివాళ్ళు సముద్రాన్ని ఎంత పట్టించుకున్నారో ఈ సీసం బిళ్ళ చెబుతుంది. రాజులు రోజువారీ చిల్లర మీద ఓడ బొమ్మ వేయించారంటే ఆ ఓడ సంతలో బేరమాడే మనిషికి కూడా తెలిసినదై ఉండాలి.

ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. పుదుచ్చేరి మ్యూజియానికి సోమవారం. ఈ రెండూ తెలియక బయల్దేరితే గేటు బయట ఫొటో దిగి రావాల్సి ఉంటుంది.

పుదుచ్చేరిలో రాత్రి దిగి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు అరికమేడు చేరాలి. కడలూరు రోడ్డు మీద అరియాంకుప్పం దగ్గర వంతెన దాటి, వీరంపట్టణం వైపు ఎడమకు తిరగాలి. ఊరు నుంచి నాలుగైదు కిలోమీటర్లు. ఆటోవాళ్ళలో కొందరికి అరికమేడు అంటే తెలియదు, వీరంపట్టణం రోడ్డు అంటే అందరికీ తెలుసు. అక్కడ కాఫీ కొట్టు లేదు, టికెట్ల గది దగ్గర తోపులాట లేదు, బొమ్మలమ్మేవాళ్ళు లేరు. మంచినీళ్ళు మనమే తీసుకెళ్ళాలి. పురావస్తు శాఖ బోర్డు, చెట్లు, ఎర్రమట్టి, ఒక పక్కన అరియాంకుప్పం ఏరు. ఇంతే.

మా అమ్మ, అంటే పిల్లల జేజి, చెట్టుకింద నిలబడి నలువైపులా చూసి అన్నది: "ఏందబ్బయ్యా, ఇంత దూరం తీసుకొచ్చి మామిడితోపు చూపిస్తుండావా? మనూళ్ళో లేవా?"

ఆ ప్రశ్న అడగనివాళ్ళు అరికమేడుకు వచ్చి ఉండరు. పైగా ఇక్కడ ఒక మోసం ఉంది. చెట్ల మధ్య కొంచెం దూరంలో పాత ఇటుక గోడలు నిలబడి ఉంటాయి. సున్నం రాలిపోయి, వేళ్ళు పాకి, సినిమాలో చూపించే శిథిలంలాగే ఉంటాయి. వచ్చినవాళ్ళందరూ వాటి ముందే నిలబడి ఫొటో తీసుకుంటారు. అది రోమను గోడ కాదు. 1770లలో ఫ్రెంచి క్రైస్తవ మిషన్ వాళ్ళు కట్టుకున్న సెమినరీ. కొన్నేళ్ళకే వదిలేసి వెళ్ళిపోయారు. అసలు అరికమేడు మన కాళ్ళ కింద ఉంది. తవ్వినవాళ్ళు తవ్వి, కొలిచి, బొమ్మలు గీసుకుని, గుంతలు మళ్ళీ పూడ్చేశారు. ఇటుకల్ని గాలికీ వానకూ వదిలితే ఎక్కువకాలం మిగలవు గనుక అదే సరైన పని. చూడ్డానికి వచ్చినవాడికే కొంచెం కష్టం.

ఫ్రెంచివాళ్ళ మాట వచ్చింది గనుక ఇంకొకాయన సంగతి చెప్పకుండా ఉండలేను. వీరంపట్టణం దగ్గర పాత ఇటుకలున్నాయని రాసిపెట్టిన తొలి యూరపు మనుషుల్లో ఒకడు గియోమ్ లె జాంటీ. ఆయన వచ్చింది శిథిలాల కోసం కాదు. సూర్యుడి ముందు నుంచి శుక్రగ్రహం దాటడం చూడ్డానికి. 1761లో చూడాల్సింది, యుద్ధం వల్ల పాండిచ్చేరిలో దిగలేక ఓడ మీదే ఉండిపోయాడు. ఓడ ఊగుతుంటే లెక్కలు కట్టలేం కదా. మళ్ళీ ఎనిమిదేళ్ళకు, 1769 జూన్‌లో వస్తుందని తెలిసి ఇటే ఉండి, పాండిచ్చేరిలో పరిశీలనశాల ఏర్పాటు చేసుకుని కూర్చున్నాడు. ఆ పొద్దున సరిగ్గా అదే సమయానికి మబ్బు కమ్మింది. ఆ తర్వాత వందేళ్ళ దాకా శుక్రుడు సూర్యుణ్ణి దాటలేదు. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన ఆకాశం మొహం చాటేసింది, అడగని నేల మాత్రం ఇటుకలు చూపించింది.

అసలు కథ మొదలైంది పిల్లల చేతుల్లో. 1930లలో పాండిచ్చేరిలో జువో దుబ్రేయి అనే ఫ్రెంచి పండితుడుండేవాడు. వాన పడితే మట్టి కొట్టుకుపోయి రంగురాళ్ళు, గాజుపూసలు పైకి తేలేవి. చుట్టుపక్కల పిల్లలు వాటిని ఏరుకుని ఆడుకునేవాళ్ళు. ఆయన ఆ పిల్లల దగ్గర కొన్నాడు, తనూ ఏరాడు. 1937లో ఆయన చేతికి వచ్చిన ఒక చిన్న రాయి మీద మనిషి తల చెక్కి ఉంది. నాణేలు చూసి చూసి ఉన్న కళ్ళు గనుక అది అగస్టస్ సీజరు ముఖమని గుర్తుపట్టాడు. పెద్దవాళ్ళకు కనబడని పూస పిల్లలకు కనబడటంలో వింతేమీ లేదు. వాళ్ళ కళ్ళు నేలకు దగ్గరగా ఉంటాయి, పైగా వాళ్ళకు తొందర లేదు. ఈ చోటుకు పిల్లల్ని తీసుకురమ్మని చెప్పడానికి నాకున్న ముఖ్యమైన కారణం ఇదే.

తర్వాతి మలుపు మద్రాసు మ్యూజియంలోనే. 1944లో కేంద్ర పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన మోర్టిమర్ వీలర్ ఎగ్మూరులో ఒక అల్మారాలో చెయ్యి పెట్టి ఒక కుండ మెడ బయటికి లాగాడు. చేతిపిడి ఉన్న ఆ మెడ మధ్యధరా తీరపు ద్రాక్షసారాయి జాడీది. వాటిని ఆంఫోరా అంటారు. ఎక్కడిదని అడిగితే పాండిచ్చేరి పక్కదన్నారు. వెంటనే అక్కడికి పోయి చూస్తే ఇటలీలోని అరెజ్జోలో చేసిన ఎర్రటి, నున్నటి గిన్నెల పెంకులు కనిపించాయి. అలాంటి గిన్నెలు క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఎప్పుడు చేశారో రోములో లెక్క ఉంది. అంటే వాటి పక్కన దొరికిన మన కుండలకు కూడా వయసు కట్టొచ్చు. దక్షిణ భారతంలో తవ్వకాలకు అంతదాకా కాలం తేల్చే కొలమానమే లేదు. పాండిచ్చేరి అప్పటికి ఫ్రెంచివాళ్ళది, అయినా ఒప్పించుకుని 1945లో తవ్వాడు. ఏటి ఒడ్డున నూట యాభై అడుగుల పొడవున్న గిడ్డంగి పునాది, బట్టలకు రంగు వేయడానికని ఆయన భావించిన ఇటుక తొట్లు బయటపడ్డాయి.

వీలర్ గొప్పవాడే. మనిషిలో ఆర్భాటం కూడా తక్కువేం కాదు. అరికమేడును రోమనులు వచ్చి నిలబెట్టిన వ్యాపారకేంద్రంగా లోకానికి చూపించాడు, లోకం నమ్మింది. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ, మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి మళ్ళీ తవ్వి చూస్తే కథ తిరగబడింది. రోమను సరుకు రాకముందే, క్రీస్తుకు పూర్వమే ఇక్కడ ఊరుంది. రోమను ఓడలు తగ్గాక కూడా ఊరుంది. రోమనులు ఈ ఊరికి ఖాతాదారులే గానీ యజమానులు కారు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒక పళ్ళెం సంగతి. పుదుచ్చేరి మ్యూజియంలో అరికమేడు వస్తువులున్న బీరువాల దగ్గర తీరిగ్గా నిలబడండి. బూడిదరంగు పెంకులు కనిపిస్తాయి. సన్నటి మట్టి, పల్చటి గోడ, వేలితో మీటితే కంచులా పలుకుతుందేమో అనిపించే కాల్పు. పళ్ళెం అడుగున లోపలివైపు, నడిమధ్య చుట్టూ వలయాలు. దగ్గరికి వంగి చూస్తే అవి గీతలు కావు, ఒకదాని పక్కన ఒకటి ఒత్తిన సన్నటి పొడుగాటి గాట్లు. సారె తిరుగుతుండగా ఏదో పళ్ళున్న పనిముట్టు ఆనించి ఉంటారు. ఒక్క గాటు కూడా పక్కదాన్ని తొక్కదు. వీలర్ దీన్ని చూసి ఇంత నాణ్యమైనది మధ్యధరా నుంచే వచ్చి ఉంటుందనుకున్నాడు. తర్వాత మట్టిని పరీక్షించి చూస్తే అది భారతదేశపు మట్టే. మన తూర్పు తీరంలో ఎక్కడ తవ్వినా ఈ పళ్ళెం పెంకులు వస్తాయి. అమరావతిలో వచ్చాయి, ఇండోనేసియా దాకా పోయాయి. దొరసానులు తిన్న పళ్ళెమని మురిసిపోయింది మన కుమ్మరి చేసిన పళ్ళెం.

ఇక సరుకుల లెక్క. ఆంఫోరా పెంకుల్ని ఎలిజబెత్ లైడింగ్ విల్ అనే ఆవిడ పరిశీలించి ఏ జాడీ ఎక్కడిదో తేల్చింది. ఎక్కువ భాగం ద్రాక్షసారాయివే, గ్రీకు దీవి కోస్ నుంచి వచ్చినవి వాటిలో ఎన్నో. కొన్నింటిలో ఆలివ్ నూనె వచ్చింది. స్పెయిన్ జాడీలు కొన్ని గారమ్ తెచ్చాయి. గారమ్ అంటే చేపల్ని ఉప్పు వేసి ఎండలో నెలల తరబడి మాగబెట్టి తీసిన రసం. ఇది చెబితే జేజి ముఖం చిట్లించింది. "చేపలున్న ఊరికి చేపల పులుసు అమ్మవచ్చినారా?" అంది. అమ్మకానికి కాదు, ఇక్కడ మకాం వేసిన తమవాళ్ళ కోసమే తెచ్చుకుని ఉంటారని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. అమెరికా వెళ్ళే పిల్లల పెట్టెల్లో మనం గోంగూర పచ్చడి సీసాలు సర్దడం లేదూ!

ఇక్కణ్ణుంచి పోయినవి గాజుపూసలు, రాతిపూసలు, అన్నిటికంటే ముఖ్యంగా బట్ట. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో ఒక వర్తకుడు రాసిన ఎర్ర సముద్రపు పెరిప్లస్‌లో పొదుకే అనే రేవు పేరుంది. అది ఈ అరికమేడేనని ఎక్కువమంది అభిప్రాయం. అదే పుస్తకంలో మసాలియా పేరు కూడా ఉంది, అంటే మన మచిలీపట్నం వైపు తీరం. అక్కడ సన్నటి బట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు. రోములో ఇలాంటి సరుకులకు వెర్రి ఎక్కువై, ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని ప్లినీ అనే పెద్దమనిషి గుండెలు బాదుకున్నాడు. ఒక బంగారు నాణెం వంద సెస్టర్సులు. పెద్దాడు అక్కడే చెట్టుకింద ఫోనులో లెక్క కట్టాడు. 5 లక్షల బంగారు నాణేలు. అంతా బంగారంలోనే చెల్లించారనుకుంటే మూడున్నర టన్నుల పైమాట, ఒక్క ఏడాదికి. ప్లినీ కోపంలో కాస్త పెంచి రాసి ఉంటాడు, ఆడవాళ్ళ చీరల ఖర్చు గురించి మాట్లాడే మగవాళ్ళందరూ పెంచే చెబుతారు. దిగుమతి మీద నాలుగోవంతు సుంకం గుంజిన రోమను ఖజానా మాత్రం కిక్కురుమనలేదు.

ఇంత చెప్పినా, ఎండలో ఒక గంట దాటితే పిల్లలకు ఇటుకల మీద ఆసక్తి పోతుంది. పోనివ్వండి. మా చిన్నదానికి ఒక పనిచ్చాం. నేల మీద కనిపించే పెంకుల్లో కుండ అంచు ఏది, అడుగు ఏది, మధ్య ముక్క ఏది అని చూపించడం. తీయకూడదు, వేలితో చూపించాలంతే. రక్షిత స్థలంలోంచి పెంకు కూడా జేబులో వేసుకోకూడదు, అది చట్టం. పెంకు ఉన్నచోటు తెలిస్తేనే అది సాక్ష్యం, మన షోకేసులోకి వస్తే ఉత్త పెంకు. ఇది పిల్లలకు చెబితే వెంటనే అర్థమవుతుంది. మా వెంట వచ్చిన ఒక పెద్దాయన జేబు దగ్గర మాత్రం మా చిన్నదే కాపలా కాయాల్సి వచ్చింది.

జేజికి మొక్కు తీరకపోతే ఏ ప్రయాణమూ ప్రయాణం కాదు. అదే దారిలో ముందుకు పోతే వీరంపట్టణంలో సెంగళునీర్ అమ్మన్ గుడి ఉంది. జాలరుల ఊరు, సముద్రం పక్కనే. ఆడి మాసంలో పెద్ద తేరు తిరునాళ్ళ. ఫ్రెంచి గవర్నరు వచ్చి తేరు తాడు పట్టి లాగేవాడట, ఆ మర్యాద ఇప్పుడు లెఫ్టినెంట్ గవర్నరుది. అరికమేడులో పెదవి విరిచిన జేజి ఇక్కడ అరగంట కూర్చుంది. పిల్లలకైతే కడలూరు రోడ్డు మీదే చున్నాంబారు పడవలున్నాయి. పొద్దున చరిత్ర, మధ్యాహ్నం పడవ అని ముందే ఒప్పందం చేసుకుంటే పేచీ ఉండదు.

నిజం చెప్పాలంటే అరికమేడు చూడ్డానికి అందరికీ ఓపిక సరిపోదు. మా ఆవిడ అన్నట్టు ముందు పుదుచ్చేరి మ్యూజియం, తర్వాత తోపు చూడటం మేలు. పెంకును దీపం వెలుగులో దగ్గర్నుంచి చూసి వస్తే మట్టిలో సగం దాగిన దాని అంచును కళ్ళు గుర్తుపడతాయి. మేం తోపు ముందు చూసి మ్యూజియం తర్వాత చూశాం గనుక, పెద్దాడు బీరువా దగ్గర నిలబడి "మళ్ళీ పోదాం నాయనా" అని మారాం మొదలుపెట్టాడు. పదమూడేళ్ళవాడు మారాం చేసేది ఫోను కోసమే అనుకునేదాన్నని మా ఆవిడ తెగ ఆశ్చర్యపోయింది.

స్తంభాలు, మెట్లు, కట్టడాలు కావాల్సిందే అనేవాళ్ళకు మన రాష్ట్రంలోనే ఇంకో చోటుంది. నాగార్జునకొండ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. అక్కడా రోమను బంగారం దొరికింది. చుట్టూ మెట్లు కట్టిన ఇటుక రంగస్థలం ఒకటి దొరికింది, ఇలాంటిది మన దేశంలో ఇంకెక్కడా కనిపించదు. అందుకే రోమను నాటకశాలల ప్రభావమేమో అన్న వాదన పుట్టింది. రాజభవనం దగ్గర దొరికిన ఒక రాతి స్తంభం మీద గడ్డమున్న మనిషి కొమ్ముపాత్ర చేత్తో పట్టుకుని నిలబడతాడు, గ్రీకుల మద్యదేవత డయొనీసస్ అని గుర్తించారు. బౌద్ధుల ఊళ్ళో తాగుడు దేవుడు ఏం చేస్తున్నాడంటే, ద్రాక్షసారాయి జాడీల వెంటే వచ్చి ఉంటాడు మరి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం గడియారంతో పందెం వేసి ఆ లోయంతా తవ్వింది. ఆ తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్ళు లోయను ముంచేశాయి. కొన్ని కట్టడాల్ని ఇటుక ఇటుకా విప్పి కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి కట్టారు. ఆ రంగస్థలాన్ని ఇప్పుడు అనుపులో చూడొచ్చు. పిల్లలు మెట్ల మీద కూర్చుంటే, మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడి చూడండి.

వేసవి సెలవుల్లో ఎటు పోవాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. పెద్దాడు అనుపు అంటాడు, చిన్నది పడవ ఉన్న ఊరు ఏదైనా సరే అంటుంది, నాగార్జునకొండకు పడవలోనే పోవాలి గనుక వాళ్ళిద్దరికీ రాజీ కుదిరింది. జేజి మాత్రం శ్రీరంగం అంటోంది. మీరు మాకంటే ముందు బయల్దేరితే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. నీళ్ళు, గాలి చూసి లాంచీలు నడుపుతారు గనుక ముందురోజే కనుక్కోండి. కొండ మీది మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు.